గురవయ్య ఎక్కిన బండ

పినపాక దాటాక తారు రోడ్డు వదిలి, టేకు చెట్ల మధ్య బండిబాటలో కొంత దూరం పోతే ఆ బండ కనిపిస్తుంది. తాటిచెట్టంత ఎత్తు. నల్లగా, నిటారుగా లేచి, నడుమ ఒకచోట బాన కడుపులా ముందుకు ఉబ్బి ఉంటుంది. 2007 డిసెంబరులో ఓ ఆదివారం పొద్దున మణుగూరు కాలనీ వ్యాను దాని ముందు ఆగినప్పుడు దిగినవాళ్లలో గురవయ్య ఒకడు.

బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు వరంగల్ క్లబ్బువాళ్లు రెండు రోజులుగా అక్కడ బండలెక్కడం నేర్పిస్తున్నారు. ఆఖరి రోజు తల్లిదండ్రులు కూడా వచ్చి చూడొచ్చన్నారు. ఇంటర్ చదువుతున్న కూతురు హర్షిత రమ్మని పట్టుబట్టడంతో గురవయ్య వచ్చాడు. వచ్చింది చూడటానికే.

ఏడాదిన్నర కిందటి దాకా అతను గని లోపల టింబర్‌మన్. కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఒకనాటి షిఫ్టులో కప్పు నుంచి ఊడిన రాయి ఎడమచేతి చివరి రెండు వేళ్లను నలిపేసింది. దవాఖానాలో తీసేశారు. ఆ తర్వాత పైన ల్యాంపు రూంలో తేలిక పని ఇచ్చారు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు అందించాలి, వాళ్లు తిరిగొచ్చాక చార్జింగుకు పెట్టాలి. అంతే. అతను దీపం తీసి ఇయ్యబోతే అవతలివాడే చెయ్యి చాపి అందుకునేవాడు. నీళ్ల బిందె ముట్టుకుంటే భార్య సోమమ్మ పొయ్యి దగ్గరి నుంచి ఉరికి వచ్చేది. ఒక్కరూ చెడుగా మాట్లాడింది లేదు. అందరూ మంచిగానే ఉండేవాళ్లు. ఆ మంచితనంలోనే అతనికి ఊపిరాడేది కాదు.

పిల్లలంతా ఒక్కొక్కరే ఎక్కి దిగారు. బండ పైన గట్టిగా బిగించిన కొక్కెంలోంచి తాడు రెండు వైపులా కిందికి వేలాడుతోంది. ఒక కొస ఎక్కేవాళ్ల నడుము పట్టీలకు కడతారు. రెండో కొస కింద ఒకరు పట్టుకుని, వాళ్లు ఎక్కుతున్నకొద్దీ బిగిస్తూ వస్తారు. చెయ్యి జారితే తాడు ఆపుతుంది. హర్షిత ఉబ్బు దగ్గర చాలాసేపు తన్నుకులాడి, చివరికి పైకి చేరి, ఎర్రబడ్డ మొహంతో దిగింది.

"పెద్దోళ్లలో ఎవరన్నా ట్రై చేస్తరా?" అని అడిగింది నేర్పే అమ్మాయి శ్రావణి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మాట మాత్రం బాయిలో పని చేయించే ఓవర్‌మన్ మాటలా ఖరాఖండిగా ఉంది.

గురవయ్యతో పాటు బాయిలో పనిచేసిన రామ్‌చందర్ ముందుకొచ్చాడు. నాలుగడుగులు ఎక్కి, జారి, తాడుకు వేలాడి, అందరినీ నవ్వించి దిగాడు. తర్వాత ఎవరూ కదల్లేదు. అప్పుడు గురవయ్య చెప్పులు విడిచి ముందుకు నడిచాడు.

"గురవన్నా, నువ్వెందుకే? నీడకు కూసోరాదు" అన్నాడు రామ్‌చందర్.

"బాపూ, వద్దు" అంది హర్షిత.

శ్రావణి అతని ఎడమచేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అందరిలా చూపు తిప్పుకోలేదు.

"నొప్పున్నదా అంకుల్?"

"నొప్పి లేదు. పట్టే లేదు."

"బరువంతా కాళ్ల మీద పెట్టాలె. చేతులు ఆసరాకే. ఎక్కుతరా?"

"ఎక్కుత."

నడుముకు పట్టీలు బిగించి, తలకు హెల్మెట్ పెట్టి, కాళ్లకు బిగుతు బూట్లు తొడిగారు. తాడు రెండో కొస శ్రావణి పట్టుకుంది. గురవయ్య గనిలో కప్పును కొట్టి చూసే అలవాటు కొద్దీ మెటికతో బండను కొట్టి చూశాడు. గట్టిగా పలికింది.

మొదటిసారి కాళ్ల సంగతే మరిచిపోయాడు. బాయిలో దుంగలెత్తిన చేతులాయె, వాటితోనే ఒళ్లంతా పైకి గుంజుకుంటూ పోయాడు. ఉబ్బు దగ్గర ఎడమచేతికి ఒక అంచు దొరికింది. మూడు వేళ్లతో పట్టుకుని కుడికాలు లేపాడు. వేళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. మరుక్షణం తాడుకు వేలాడుతూ ఉన్నాడు. కింద "అయ్యో" అని ఎవరో అన్నారు. రామ్‌చందర్ పడ్డప్పుడు అందరూ నవ్వారు. తను పడితే ఎవరూ నవ్వలేదు. అదే గుచ్చుకుంది.

"మల్లెక్కుత" అన్నాడు.

రెండోసారీ అక్కడే జారాడు. మోకాలు గీసుకుపోయి నెత్తురొచ్చింది.

"చాలు బాపూ. అమ్మ నన్ను తిడ్తది" అంది హర్షిత.

"మీ అమ్మకు నేను చెప్త" అని, ఓ రాయి మీద కూర్చుని నీళ్లు తాగాడు. కోపంగా ఉంది. బండ మీద కాదు, ఆ మూడు వేళ్ల మీద. కానీ కప్పు కింద పనిచేసినవాడు కోపంతో ఏదీ ముట్టుకోడు. కోపం దిగేదాకా బండను అడుగు నుంచి పైదాకా చూస్తూ కూర్చున్నాడు. ఉబ్బు దగ్గర గట్టి అంచు ఒక్కటే ఉంది. రెండుసార్లూ అక్కడికి ఎడమచెయ్యే ముందు పోయింది. కుడిచెయ్యి పోవాలంటే అంతకు కింద ఉన్న పగులులోనే కాళ్లు మార్చుకోవాలి. ఎడమకాలు ముందు పెట్టాలి. మనసులో ఆ అడుగులు ఒకటికి రెండుసార్లు వేసి చూసుకున్నాడు. తర్వాత లేచాడు.

ఈసారి వెనక్కి చూడకుండా, నెమ్మదిగా ఎక్కాడు. ఒక్కో కాలు ఆనించి, బరువు దాని మీద పెట్టి, నిలిచిందని తెలిశాకే రెండోది లేపాడు. పగులు దగ్గర కాళ్లు మార్చుకుంటుంటే పిక్కలు వణికాయి. ఎడమ అరచేతిని బండకు అదిమిపెట్టి, కుడిచెయ్యి పైకి విసిరాడు. అంచు అందింది. నాలుగు వేళ్లూ దాని మీద మూసుకున్నాయి. ఊపిరి బిగబట్టి ఎడమకాలిని ఉబ్బు మీదికి లాక్కున్నాడు. చెంప రాతికి రాసుకుంది. నోట్లో మట్టి పడింది. ఇంకో అడుగు. ఇంకోటి. అంతటితో నిటారు తగ్గి, చేతుల కింద చదును తగిలింది.

కింద చప్పట్లు, ఈలలు. గురవయ్య తలెత్తి చూశాడు. అడవి మీదుగా దూరాన గోదావరి సన్నగా మెరుస్తోంది. ఇంకోవైపు ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్టలు. ఇన్నేళ్లు ఆ నేల కిందే బతికాడు. ఇంత పైనుంచి దాన్నెన్నడూ చూడలేదు.

"ఇగ దిగుడే అంకుల్! చేతులొదిలి, తాడు మీద వెనక్కి వాలి కూసోండ్రి" అని కింది నుంచి అరిచింది శ్రావణి.

చేతులొదలమన్న మాట వినగానే ఎక్కేటప్పుడు లేని భయం ఒక్కసారి పట్టుకుంది. కిందికి వంగి చూశాడు. తాడు పట్టుకున్నది శ్రావణి కాదు, హర్షిత. ఆమె నడుమును ఇంకో తాడుతో వెనక చెట్టుకు కట్టారు. శ్రావణి పక్కన నిలబడి, తాడు చివర తన చేతిలో ఉంచుకుంది.

"హర్షితా! నువ్వా పట్టింది?"

"అవ్ బాపూ. మూడోసారి ఎక్కినప్పటి సంది నేనే."

"మేడంకియ్యి."

"ఇయ్య. నువ్వు కూసో."

"నా బరువు నీతోని కాదు బిడ్డా!"

"నీ అంగీ గుండీ పెడ్తనంటే వద్దంటివి. బండి మీద వెనక కూసోమంటే కూసోకపోతివి. ఇయ్యాల నీ బరువు నాకిచ్చుడే. నేను నేర్చుకున్న. కూసో!"

కూతురు తనతో అంత గట్టిగా మాట్లాడటం గురవయ్య ఎరగడు. ఆ గొంతు వణుకుతోంది, కానీ చేతులు కదల్లేదు. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, తాడును తొడ పక్కకు బిగించి నిలబడింది. దుంగ ఎలా నిలబెట్టాలో కొత్తవాళ్లకు చూపినవాడు గురవయ్య. నిలబడ్డది గట్టిగా నిలబడ్డదో లేదో కంటితో చెప్పగలడు.

ముందు కుడిచెయ్యి వదిలాడు. తర్వాత ఎడమది. కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు. తాడు కిర్రుమని సాగి, ఆగింది. హర్షిత ముందుకు ఒక అడుగు ఈడ్చుకొచ్చి, అక్కడే నిలదొక్కుకుంది.

"పట్టిన బాపూ! నడువు!"

బండ మీద వెనక్కి నడుస్తూ దిగాడు. ఉబ్బు దగ్గర కాలు తడబడినా తాడు తడబడలేదు. నేల తగలగానే అక్కడే కూర్చుండిపోయాడు. హర్షిత వచ్చి పక్కనే కూలబడింది. అతను ఆమె చేతులు తెరిచి చూశాడు. అరచేతులు కందిపోయి ఉన్నాయి. ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

తర్వాత శ్రావణి వైపు తిరిగి, "మల్లెప్పుడొస్తరు మేడం?" అని అడిగాడు.

"ఎండలు ముదరక ముందే ఇంకోసారి. ఆ పక్క బండ ఇంకా కష్టం అంకుల్."

"నేనూ వస్త."

మధ్యాహ్నం టేకు చెట్ల కింద అన్నాలకు కూర్చున్నారు. సోమమ్మ సర్ది పంపిన స్టీలు డబ్బా మూత బిగుసుకుపోయింది. గురవయ్య తిప్పబోతే ముంజేతులు కర్రల్లా బిగిసి, కుడిచేతి వేళ్లు కూడా ముడుచుకోలేదు. హర్షితకిచ్చాడు. ఆమె వల్లా కాలేదు. చెరోవైపు పట్టుకుని గుంజారు. ఇద్దరికీ నవ్వొచ్చి, ఉన్న బలం కూడా పోయింది. పక్కన తింటున్న రామ్‌చందర్ చెయ్యి చాపబోయి, ఏమనుకుంటాడోనని సగంలో ఆపాడు.

"చూస్తవేందే తమ్మీ? జల్దీ తియ్యరాదు, ఆకలైతున్నది" అని గురవయ్యే డబ్బా అతని ఒళ్లో పెట్టాడు.