పచ్చ ప్యాకెట్ మాయం

"దొంగ ఎవడో చె..."

స్పీకర్లు మూగబోయాయి. ఎర్రగడ్డం సేనాపతి ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏమైందే?" బొమ్మలోంచి చెయ్యి తీయకుండానే అరిచాడు కున్-షాన్.

సూ-యున్ అప్పటికే లారీ వేదిక వెనక కంప్యూటర్ ముందు మోకాళ్ల మీద కూలబడింది. లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. తెర మీద దాని పేరే లేదు.

"డిస్క్ పోయినట్టుంది, బాబాయ్."

ఇది రిహార్సలే, గంటన్నరలో అసలు బొమ్మలాట. మాజు అమ్మవారి పుట్టినరోజు. గుడి ముందు ముసలమ్మలు అప్పుడే ప్లాస్టిక్ స్టూళ్లు పట్టేసుకున్నారు. పదహారు పాత్రలకూ గొంతు ఒక్కటే, చనిపోయిన సూ-యున్ నాన్నది. పాత టేపుల్లోంచి ఆ గొంతును ఏరి, ఈ ఆటకు సరిపడా కూర్చడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. నిన్ననే పూర్తయింది. నకలు తీయలేదు.

"పోదా మరి! కంప్యూటర్ నెత్తి మీద పచ్చ ప్యాకెట్ ఏదీ?" కున్-షాన్ గొంతు పెంచాడు. "ఈ నెలలో మాయమవడం ఇది నాలుగోసారి. అది లేకపోతే ఏ మిషన్ మాట వింటుంది?"

సూ-యున్ కొట్టిపారేయలేదు. ఆ ఊళ్లో ప్రతి మిషన్ మీదా రక్షగా పెట్టే చిరుతిండి అది: కొబ్బరి రుచి మొక్కజొన్న పఫ్‌లు, పచ్చ కవరు, సీలు విప్పకూడదు, గడువు దాటకూడదు. అది పైన ఉంటే మిషన్ బుద్ధిగా ఉంటుందని ఆమె కూడా ఎంతోకొంత నమ్ముతుంది. కానీ ఆ కంప్యూటర్‌ను ఒక్కొక్క ముక్కా కొని బిగించింది ఆమే. ముందు స్క్రూడ్రైవర్ తీసింది.

ఎడమ తలుపు ఊడదీసి డేటా కేబుల్ మార్చింది. డిస్క్ గుర్రుమని లేచింది.

"లేచింది, బాబాయ్!"

టపాకాయల బూడిద పడకుండా తలుపు బిగించింది. పది నిమిషాలకు మళ్లీ టిక్కు టిక్కు.

ఈసారి కరెంటు వైరు మార్చింది. లేచింది. తలుపు మూసింది. పది నిమిషాలకు పడుకుంది.

"అమ్మాయ్, దాన్ని రిపేరు చేస్తున్నావా, జోకొడుతున్నావా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే రెండూ చేస్తా."

బొమ్మ అంగీకి గుండీ కుడుతున్న లి-చు పిన్ని తల ఎత్తలేదు. మామూలుగా అయితే ఈపాటికి మొగుడు కున్-షాన్ మీద రెండు చురకలు వేసేది. ఇవాళ సూది తప్ప ఆమెకు లోకం లేనట్టుంది.

సూ-యున్ ఆలోచించింది. నిజంగా చచ్చిన డిస్క్‌కు తలుపు తెరిచినా మూసినా ఒకటే. ఇది తెరిస్తే బతుకుతోంది, మూస్తే చస్తోంది. అదీ వెంటనే కాదు, లోపల వేడెక్కాక. అంటే డిస్క్ బాగానే ఉంది. వేడికి ఇంకేదో కదులుతోంది.

వైర్లన్నీ దూరేది కుడి వైపు. ఆ తలుపు ఆమె నెలల తరబడి తీయనేలేదు.

తీసింది.

వైర్ల మధ్య పచ్చగా, డప్పులా ఉబ్బి కూర్చుని ఉంది ప్యాకెట్. వేడికి లోపలి గాలి పెరిగి, కవరు పొంగి, వైర్ల కట్టను నెట్టి, డిస్క్ కరెంటు ప్లగ్గును వదులు చేస్తోంది. బయటి గాలి తగిలితే ముడుచుకుంటుంది. ప్లగ్గు సర్దుకుంటుంది.

సూ-యున్ దాన్ని బయటికి లాగి ఎత్తి పట్టుకుంది. "ఇదిగో నీ కాపలాదారు! మిషన్ పీక పిసుకుతున్నాడు."

కున్-షాన్ నోరు తెరిచాడు. "లోపల పెట్టిందెవరు?"

"నేనే," అంది పిన్ని, దారం పళ్లతో తెంపుతూ.

"నీకేమైనా మతి పోయిందా? పైన పెట్టాల్సింది లోపల దాస్తావా? ఎందుకు?"

పిన్ని మొగుడి వంక, అతని పొట్ట వంక చూసింది. కున్-షాన్‌కు హఠాత్తుగా సేనాపతి గడ్డం సరిచేయాల్సిన పని గుర్తొచ్చింది.

"పిన్నీ, ఎందుకు?" పిన్ని ఇంకో గుండీ అందుకుంది. సూ-యున్ ప్లగ్గు గట్టిగా నొక్కి, రెండు తలుపులూ బిగించి, ప్యాకెట్‌ను నెత్తి మీద పెట్టింది. పది నిమిషాలు గడిచాయి. పదిహేను. డిస్క్ హాయిగా తిరుగుతూనే ఉంది. ఆగిన చోటి నుంచే రిహార్సల్ నడిపింది.

నాలుగు స్పీకర్లలోంచి నాన్న గొంతు ఉరిమింది. "దొంగ ఎవడో చెప్పు! నా ముందు పేరు చెప్పు!"

పిన్ని లేచి, అంగీ దులిపి, స్పీకర్ వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఇంకెవరు బావగారూ, ముందు మూడు ప్యాకెట్లూ మింగింది మీ తమ్ముడు కున్-షానే!"