గజ్జెలు విప్పిన పాట

ఉమామహేష్‌కి రెగే సంగీతం పదకొండో ఏట, మేనమామ పాత ఫోన్లో దొరికింది. జమైకా అనే దీవి ఎక్కడుందో వాడికి తెలీదు. ఆ మాటకొస్తే బుచ్చయ్యపేట దాటి చోడవరం వెళ్లడమే అప్పటికి పెద్ద ప్రయాణం. కానీ ఆ పాటల్లో గిటారు దెబ్బ పడాల్సిన చోట పడకుండా, అర అడుగు ఆగి పడేది. ఇది మా నాన్న తప్పెట నడకే కదా అనుకున్నాడు. అక్కడ తప్పేమీ లేదు. తప్పు చేసింది తర్వాత.

నాన్న తాతబ్బాయి తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, గెంతుతూ రెండు చేతులా వాయించేవాడు. ఆ బృందానికో కట్టుబాటు ఉండేది. అడుగు కుదిరేదాకా ఎవరి చేతికీ తప్పెట ఇవ్వరు, ఏడాదిపాటు ఉత్త కాళ్లతో గెంతాలి. ఉమామహేష్ నాలుగు రోజులు గెంతి, కాళ్లు పీకుతున్నాయని మానేశాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు మరి.

పెద్దయ్యాక పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తూ గిటారు కొన్నాడు, నేర్చుకున్నాడు. విశాఖలో పాటలు తీసేవాళ్లు రెగే అంటే ఏమిటని అడిగి, టీ తాగించి పంపేశారు. ఇక ఎవరి దయా అక్కర్లేదని చోడవరంలో ఎరువుల కొట్టు మీద గది అద్దెకు తీసుకుని, గోడలకు పాత పరుపులు కట్టి, తన పాట తానే రికార్డు చేసుకోవడానికి కూర్చున్నాడు. తాళానికి నాన్ననే పిలిచాడు. అంతవరకూ బుద్ధిమంతుడే.

తాతబ్బాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తప్పెటను తువ్వాల్లో చుట్టుకుని బస్సులో వచ్చాడు. గుమ్మంలోనే గజ్జెలు కట్టుకున్నాడు. మైకులో వాటి చప్పుడు పడితే పాట పాడవుతుందని కొడుకు విప్పించాడు. గెంతితే గది అదురుతుందని కుర్చీలో కూర్చోబెట్టాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, టిక్కు టిక్కుమనే లెక్కకు వాయించమన్నాడు. ముప్పై ఏళ్లు ఊళ్లకు ఊళ్లను గెంతించిన మనిషి ఆ కుర్చీలో తడబడ్డాడు. పదకొండుసార్లు వాయించి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“కూకుని వాయించడం నాకు రాదురా. కాళ్లు సెప్తేనే సేతులకి తెలుస్తాది.”

ఉమామహేష్ విన్నాడు గానీ చెవిన పెట్టలేదు. కంప్యూటర్లో ఉన్న డ్రమ్ము వేసి పాట పూర్తిచేశాడు. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక నాన్న వాయించినవన్నీ తుడిచేశాడు.

పాట నెట్‌లో పెట్టిన రోజు ఇంటికెళ్లి వినిపించాడు. తల్లి ఎర్రమ్మ మురిసిపోయింది. తాతబ్బాయి చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

“బాగుంది. ఇందలో నానెక్కడున్నానురా?”

కొడుకు ఏదో సర్దిచెప్పాడు. ఆ పాట విన్నవాళ్లు కొద్దిమందే. అందులో ముక్కూమొహం తెలియనివాడొకడు, అన్నీ ఉన్నాయి గానీ నడక లేదని కింద రాశాడు. నాన్న చెప్పిందే అది. ఉమామహేష్‌కి సిగ్గేసింది. ఈసారి ఆరుబయట, గజ్జెలతో, ఆయన గెంతినంతసేపూ రికార్డు చేయాలనుకున్నాడు. ఈ నెల షిఫ్టులన్నాడు, వచ్చే నెలన్నాడు. ఆ వచ్చే నెలలోనే తాతబ్బాయికి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది.

చేతులు బాగానే ఉన్నాయి. మంచం మీద తప్పెట పెడితే రెండు దెబ్బలు వేసి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశాడు. అప్పుడు ఏడ్చాడు ఉమామహేష్. నాలుగు రోజులకే మానేసిన ఆ అడుగైనా నేర్చుకుని ఉంటే ఈ రోజు నాన్న కాళ్లుగా తను నిలబడి ఉండేవాడు. అదీ లేదు.

ల్యాప్‌టాప్ అంతా వెతికితే, మైకు సరిచూసుకునేటప్పుడు పడిన ముక్క ఒక్కటి దొరికింది. తప్పెట దెబ్బ ఒక్కటీ లేదందులో. రెండో పాటకు ముందు దాన్నే పెట్టాడు.

“గజ్జెలు ఇప్పీమంటావా, బాబూ?”

“ఇప్పీ నాన్నా.”

తర్వాత వాటిని నేల మీద పెట్టిన చప్పుడు. తాతబ్బాయి గజ్జెలు కొడుకు పాటల్లో మోగింది ఆ ఒక్కసారే.