అబ్బులు చెప్పే ముగింపు

అబ్బులు తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. ముప్పై రెండేళ్లుగా ఆ పాత థియేటర్లో గేటు దగ్గర అతనిది అదే పని. ఫైటింగు మోత ఆగి, హీరోయిన్ ఏడుపు ఆగి, సంగీతం ఒక్కసారిగా పెద్దదైతే సినిమా అయిపోవచ్చిందని గుర్తు. వెంటనే తలుపులు బార్లా తెరిచి, బైకుల స్టాండు వైపు పరిగెత్తే జనానికి దారివ్వాలి. అందుకే అక్కడ ఎన్ని వందల సినిమాలు ఆడినా, ఒక్కదాని చివరి పది నిమిషాలైనా అతను చూసి ఎరగడు. పెళ్లిలో వడ్డించేవాడికి పంక్తి భోజనం ఎక్కడ దొరుకుతుంది!

ఆ లోటు భార్య పాపాయమ్మకు తెలియనివ్వలేదు. గుండె వాచిందని డాక్టర్లు ఉప్పు మాన్పించి, మెట్లెక్కవద్దన్నాక ఆమె హాలుకు రావడం మానేసింది. సినిమాలన్నీ మొగుడి నోటనే వినేది. ప్రతిసారీ అడిగేది ఒక్కటే: "సివరాకరికి ఏటయ్యింది మావా?" అబ్బులు తనకు తోచిన ముగింపు కల్పించి చెప్పేవాడు.

ఈ ఆదివారం పొద్దుటి ఆట ఉచితం. ఫిల్మ్ సొసైటీ వాళ్లు ఒక జపాను నవల ఆధారంగా తీసిన పాత నలుపు తెలుపు సినిమా వేస్తున్నారు. అతను బయల్దేరేటప్పుడు పాపాయమ్మ మరీ మరీ చెప్పింది. "జపానోలు ఎలాగుంతారో నానెప్పుడూ సూళ్లేదు. ఈపాలి సరిగ్గా సూసి సెప్పు."

లోపల మాటలు ఆగిపోయాయి. సంగీతం కూడా లేదు. అర నిమిషం గడిచింది, నిమిషం గడిచింది. అబ్బులు అయిపోయిందనుకుని రెండు తలుపులూ తీసేశాడు. ఎండ నేరుగా తెర మీద పడి బొమ్మ వెలిసిపోయింది. హాలంతా ఒకటే కేకలు, "తలుపు! తలుపు!" అంటూ. సొసైటీ నడిపే లెక్చరర్ ఆశాజ్యోతి గబగబా వచ్చింది. చీవాట్లు తప్పవని అబ్బులు తల దించుకున్నాడు.

"సౌండాగిపోనాదమ్మా. అయిపోనాదనుకున్నాను."

"ఇందులో మాట్లాడకపోవడమే కథండీ. ఇవాళ టిక్కెట్టు లేదుగా, మీరూ వచ్చి కూర్చోండి," అందామె తలుపు మూస్తూ.

అబ్బులు వెనక వరసలో కుర్చీ అంచున కూర్చున్నాడు. తెర మీద ఒక ముసలాయన పొయ్యి ముందు ఒంటరిగా ఉన్నాడు. జబ్బుపడ్డ భార్య పోయిందని అర్థమైంది. ఆయన బియ్యం కడిగి, నీళ్లు ఎంత పొయ్యాలో తెలియక పోస్తున్నాడు, ఒంపేస్తున్నాడు, మళ్లీ పోస్తున్నాడు. అంతే, సినిమా అయిపోయింది. అన్నం వండడం అబ్బులుకీ రాదు. లైట్లు వెలిగేలోపల తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

తాటిచెట్లపాలెంలో ఇంటిదాకా నడిచినంతసేపూ మనసులో ఒకటే గుంజాటన. సరిగ్గా చూసి చెప్పమంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క సినిమాకు అసలు ముగింపు చూశాడు. అది ఆమె ముందు ఏ నోటితో చెప్పడం?

పాపాయమ్మ గుమ్మంలో చాప మీద కూర్చుని, సబ్బవరం నుంచి తమ్ముడు తెచ్చిన పచ్చి కందికాయలు చేటలో ఒలుస్తోంది. మొగుడు టార్చి పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ చూసినంత కథా మొదట్నుంచీ చెప్పించుకుంది.

"మరి సివరికి?"

అబ్బులు చొక్కా మేకుకు తగిలిస్తూ, అటు తిరిగే చెప్పాడు. "ఆవిడకి నయమైపోనాది. ఇద్దరూ సముద్రం సూడ్డానికి ఎల్లారు."

పాపాయమ్మ నవ్వింది. "నీ కతల్లో ఎవులూ సావరు మావా. అసలు సంగతి ఎదురింటి సుధారాణి సినిమా సూసొచ్చి ఎప్పుడూ నాకు సెప్పేత్తాది."

అబ్బులు తెల్లబోయాడు. "మరి నన్నెందుకు అడుగుతావే?"

"నువ్వు సెప్పిందే నాకు బాగుంతాది," అని చేట పక్కకు జరిపింది. "కాసేపు నడుం వాలుత్తాను. మేట్నీకి ఎల్లేటప్పుడు లేపు."

అబ్బులు అన్నం తిని, కంచం కడిగి బోర్లించాడు. సిగ్గుగానూ ఉంది, తేలిగ్గానూ ఉంది. చొక్కా తొడుక్కుని పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచి, భుజం పట్టి కదిపాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అలాగే చాప మీద కూలబడ్డాడు.

సుధారాణి వచ్చింది. వెనకే వీధంతా వచ్చింది. ఏడుపులు మొదలయ్యాయి. అబ్బులు మాత్రం చేట వంకే చూస్తూ ఉండిపోయాడు. ఒక పక్క ఒలిచిన గింజలు, ఒక పక్క ఒలవని కాయలు, మధ్యలో ఆమె సగం విప్పి వదిలేసిన కాయ ఒకటి, లోపల గింజలు వరసగా అలాగే ఉన్నాయి.