ఫ్రీ సైజు

ముందు గాలి వచ్చింది.

వెలుగు వస్తుందనుకున్నాను. బొమ్మ వస్తుందనుకున్నాను. గాలి వచ్చింది. కుట్టు బల్ల మీద పెట్టిన నల్ల పెట్టె వెనకనుంచి, సన్నగా, గోరువెచ్చగా. బల్ల మీద మిగిలిన దారప్పోగులు కదిలాయి. ఒక ఎర్ర పోగు దొర్లుకుంటూ వెళ్లి కత్తెర దగ్గర ఆగింది.

తెర మాత్రం నల్లగానే ఉంది.

ఫ్యాను తిరుగుతోంది. లోపల చిన్న దీపం వెలుగుతోంది. అంటే ప్రాణం ఉంది. మరి కళ్లెందుకు తెరవదు?

మూడున్నర. నాలుగింటికి చెల్లి వస్తుంది.

వస్తుందంటే — ఇక్కడికి కాదు. ఆటలోకి.

రెండేళ్లుగా నాతో మాట్లాడని చెల్లి. పోయిన నెల ఉన్నట్టుండి ఫోనులో మెసేజి పెట్టింది. ఒక ఆట పేరు. దాని కింద ఒక ముక్క. 'వచ్చే నెలాఖరు ఆదివారం నాలుగింటికి ఉంటాను. లోపలికి రా.'

అంతే. బాగున్నావా అని లేదు. అక్కా అని లేదు.

లోపలికి రా... గుమ్మంలో నిలబడ్డ మనిషితో అనే మాట అది. కోపం పోయినవాళ్లు అంటారు. కోపం పోకపోయినా, నలుగురూ చూస్తారని అనేవాళ్లూ ఉంటారు. అది ఏ రకంగా అందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

ఫోను చేయొచ్చుగా అంటారు. చేశాను. ఎత్తదు. ఎత్తినా ఇద్దరం నోరు జారతాం. ఆటలో మాత్రం మేం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. చిన్నప్పుడు వీధి చివర ఇంటర్నెట్ సెంటర్లో ఒకటే కుర్చీ, చెరో సగం. బాణాల మీటలు నావి. దూకే మీట దానిది. నేను పరిగెత్తిస్తే అది దూకించేది. గుంట వచ్చినప్పుడు 'ఇప్పుడు' అని చెప్పాల్సిన పని కూడా ఉండేది కాదు.

ఆ తర్వాత నేను కంప్యూటర్ ముట్టలేదు. నాది బట్టలు సరిచేసే కొట్టు. పొడుగైనవి కురచ చేస్తాను, బిగుతైనవి వదులు చేస్తాను. వేరే లోకం తెలియదు.

కానీ, లోపలికి రమ్మంది. ఆ ఆట కంప్యూటర్లోనే ఆడాలట.

తయారుగా దొరికే కంప్యూటర్ల జోలికి వెళ్లే తాహతు లేదు. విడి ముక్కలు కొని మనమే కలుపుకుంటే చవగ్గా పడుతుందని ఫోనులో వీడియోలు చెప్పాయి. ముక్కలు కలపడం నా పనేగా అనుకున్నాను. జాబితా రాసుకుని చూస్తే కళ్లు తిరిగాయి. బట్ట చాలకపోతే మేం ఏం చేస్తాం? చేతులు కురచ చేస్తాం. జేబు తీసేస్తాం. లేసు మానేస్తాం. అలాగే ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చాను. రంగురంగుల దీపాలు — కొట్టేశాను. అద్దం తలుపు — కొట్టేశాను. గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంది, అన్నింటికన్నా ఖరీదు. గ్రాఫిక్స్ అంటే బొమ్మల సోకేగా అనుకున్నాను. లేసు లాంటిది. కొట్టేశాను.

పార్టుల కొట్టాయన పెద్దాయన. కళ్లద్దాలు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటాయి. జాబితా చదివి, అలమర వైపు తిరుగుతూ, "కార్డుందా అమ్మా?" అన్నాడు.

"ఉందండీ," అన్నాను. పర్సులోంచి బ్యాంకు కార్డు తీసి చేతిలో పట్టుకున్నాను కూడా.

"అయితే ఇది చాలు. కాస్త చవక."

ప్రాసెసర్ డబ్బా. అంకెల చివర ఒక అక్షరం. ఎఫ్.

ఎఫ్ అంటే నాకు తెలియదా! రోజూ ఎన్ని కాలర్ల వెనక చూస్తాను. ఎస్, ఎమ్, ఎల్... ఎఫ్ అంటే ఫ్రీ సైజు. ఎవరికైనా పడుతుంది. దేనికైనా పడుతుంది. అంత మంచిది అంత చవగ్గా దొరికిందని దారి పొడుగునా మురిసిపోయాను. డిస్కులో ఆట కూడా ఆయనే ఎక్కించి ఇచ్చాడు పాపం.

ఈ పొద్దున కొట్టు తలుపు సగం దించి కూచున్నాను. నైలాను బట్టలతో వేగే చేతులు నావి, చురుక్కుమనిపించే ఆ కరెంటు సంగతి తెలుసు. ఒక్కో ముక్కా పట్టుకునే ముందు మిషను ఇనుప కాలు ముట్టుకున్నాను. కింద పడ్డ మరమేకుల్ని గుండుసూదుల అయస్కాంతంతో ఏరాను. వేడెక్కకుండా ప్రాసెసర్ మీద పేస్టు బఠాణీ గింజంత పెట్టమన్నారు వీడియోల్లో. పచ్చి బఠాణీయా, ఎండు బఠాణీయా చెప్పలేదు. చివరికి ఒక మర మిగిలింది. చొక్కా కుట్టాక గుండీ మిగిలితే ఎక్కడో తప్పు జరిగినట్టు. ఇక్కడ మర మిగిలితే ఏమిటో.

పెద్ద పలకని మదర్‌బోర్డు అంటారట. అన్నీ దాన్నే పట్టుకుని వేలాడతాయి. తల్లి కదా మరి. దాన్ని పెట్టెలో కూర్చోబెట్టి బిగిస్తుంటే అమ్మ కోటు గుర్తొచ్చింది.

గుర్తు రావడం ఏమిటి... మర్చిపోతే కదా.

అమ్మ పోయాక ఆ కోటు చెల్లి తీసుకుంది. దానికి వదులు. భుజాలు జారిపోయేవి. అడక్కుండా నేనే సరిచేసి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. సంతోషిస్తుందనుకున్నాను. తొడుక్కుంది. అతికినట్టు సరిపోయింది. అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"అమ్మని కత్తిరించేశావు," అంది.

నాకు ఒళ్లు మండింది. నేనో మాటన్నాను. అదో మాటంది. వెళ్లిపోయింది.

కత్తిరించలేదే! ఒక్క పోగు కూడా కత్తిరించలేదు. అంతా లోపలికి మడిచి కుట్టాను. విప్పితే మళ్లీ అమ్మ కొలతే. ఆ ఒక్క మాట చెప్పకుండా మిగతా మాటలన్నీ ఎందుకన్నానో నాకే తెలియదు. ఇవాళ చెప్పాలి. ఆటలో దాని పక్కన నిలబడి, ఒక గుంట దూకాక, చెప్పాలి.

తెర నల్లగానే ఉంది.

తీగలు పీకి మళ్లీ పెట్టాను. ర్యాము తీసి ఊది మళ్లీ పెట్టాను. గాలి వస్తోంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. పార్టుల కొట్టాయనకు ఫోను చేశాను.

"కార్డు పెట్టారా?" అన్నాడు.

"కార్డు... మీకిచ్చాగా. గీకి తిరిగి ఇచ్చేశారు."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"అయ్యో... ఎఫ్ ఉన్నదాంట్లో బొమ్మ ఉండదమ్మా. విడిగా గ్రాఫిక్స్ కార్డుంటేనే. లోపల తిరిగేవన్నీ తిరుగుతాయి, బయటికే ఏమీ కనపడదు. రేపు పట్టుకురండి, మార్చి ఇస్తాను."

రేపు. రేపు దానికి నేనేం చెప్పను?

నాలుగైంది. ఫోను వెలిగింది.

'వచ్చావా?'

ఏమని రాయను? వచ్చానంటే అబద్ధం. రాలేదంటే అంతకన్నా పెద్ద అబద్ధం. వేళ్లు వాటంతటవే రాశాయి.

'వచ్చాను. ఏమీ కనపడటం లేదు.'

చాలాసేపటికి ఒకే మాట వచ్చింది.

'నాకూ.'

నాకూ అంటే? నేను కనపడటం లేదనా? దాని తెరా నల్లగా ఉందా? లేక ఏడుస్తోందా... మా చెల్లి అంత తేలిగ్గా ఏడవదు. ఏమో, రెండేళ్లయింది. మారిందేమో.

'ఆ కోటు ఉందా' అని రాశాను. చెరిపేశాను. లేదంటే తట్టుకోలేను. ఎవరికైనా ఇచ్చేసిందేమో. పారేసిందేమో. మళ్లీ రాశాను.

'కోటు లోపలి కుట్టు విప్పి చూడు. కత్తిరించలేదు.'

పంపేశాను.

మూడు చుక్కలు కదిలాయి. రాస్తోంది... ఆగాయి. మళ్లీ కదిలాయి. మళ్లీ ఆగాయి.

నల్ల తెర ముందు, కుర్చీలో ఒక సగానికి జరిగి కూచున్నాను. బాణాల మీటల మీద చెయ్యి పెట్టాను.

పెట్టె వెనకనుంచి గాలి వస్తూనే ఉంది. ఎర్ర పోగు కదిలి, కత్తెరని దాటింది.