నల్ల డయల్ గడియారం

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తిని, జేబురుమాలులో రెండు గడియారాలు మూటగట్టుకుని, జానకిరామయ్య సుచిత్రలో మేడ్చల్ బస్సెక్కేవాడు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ పదిహేనేళ్లుగా పాత క్రోనోగ్రాఫులు పోగేశాడు. అంటే పక్కనున్న మీట నొక్కితే పరిగెత్తి, మళ్లీ నొక్కితే ఆగే ముల్లున్న చేతిగడియారాలన్నమాట. మేడ్చల్ బస్టాండు దగ్గర షుకూర్ వాటిని విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి ఇచ్చేవాడు.

ఎవరో ఎప్పుడో కొలిచి ఆపేసిన నిమిషాలు అలాంటి గడియారాల్లో అలాగే ఉండిపోతాయి. కింది మీట నొక్కితే ముల్లు సున్నాకొస్తుంది, ఆ నిమిషాలు నొక్కినవాళ్ల ఆయుష్షులో కలుస్తాయి. ఈ సంగతి మేడ్చల్ రోడ్డు పొడుగునా అందరికీ తెలిసిందే. షుకూర్ భార్య సైదా తన మామ గడియారంలోని పదకొండు నిమిషాలతోనే కూతురి నిఖా చూసి కన్నుమూసింది.

జానకిరామయ్య మాత్రం ఏ మీటా నొక్కడు, నొక్కనివ్వడు. మొదటి యజమాని ఆపినచోటే ముల్లుంటేనే దానికి విలువట. అన్నిట్లోకీ ఆయన ప్రాణం ఒక నల్ల డయల్ గడియారం. అది ఇరవై ఏడు నిమిషాల దగ్గర ఆగి ఉంది.

"గిది ఇంట్ల ఆపతికి పనికొస్తది సార్, అల్మారల పెట్టెతందుకు కాదు," అన్నాడు షుకూర్ ఒకసారి. ఆయన నవ్వి దాన్ని మళ్లీ రుమాలులో చుట్టుకున్నాడు.

2012 వానాకాలంలో ఆయన భార్య పార్వతీదేవి గుండె జబ్బుతో మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం ఊపిరి అందలేదు. దుండిగల్ కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు లిఖిత ఫోను అందగానే బయల్దేరింది.

"ఏవండీ, పిల్లని చూసి పోతాను. ఆ నల్లది ఇవ్వండి," అంది పార్వతీదేవి.

ఆయన బీరువా తెరిచాడు. చెయ్యి నల్లదాని మీదికి వెళ్లి ఆగింది. పిల్ల దగ్గర్లోనే ఉండి ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఎవరో డయల్‌కి రంగులేయించి పాడుచేసిన, నాలుగు నిమిషాల దగ్గర ఆగిన గడియారం తీసి ఇచ్చాడు. సిగ్గులేని పని, ఇంకేమనాలి. ఆమె దాన్ని చూసి, నొక్కింది.

నాలుగో నిమిషంలో ఆయన మనసు మారి నల్లదాని కోసం పరిగెత్తాడు. దానికి మూడు పొరల గుడ్డ చుట్టి ఉంది. తనే చుట్టాడు. విప్పి తెచ్చేసరికి అయిపోయింది.

ఆ తర్వాత పది నిమిషాలకు లిఖిత వచ్చింది. తల్లి చేతిలో ఉన్నదాన్నీ, తండ్రి చేతిలో ఉన్నదాన్నీ చూసింది.

పదకొండో రోజు వెళ్లిపోతుంటే ఆయన నల్ల గడియారం ఆమె చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు.

"నువ్వే ఉంచుకో నాన్నా, అవసరపడుతుంది. నొక్కాక నాకు మాత్రం ఫోన్ చెయ్యకు. ఇరవై ఏడు నిమిషాల్లో నేను రాలేను."

ఇప్పుడది ఆయన మణికట్టు మీదే ఉంటోంది. ముల్లు ఉన్నచోటే ఉంది.