బాతు మెడ మీద పంటిగాట్లు

లిఫ్టాయనకి యాభై రెండేళ్లు. ఇద్దరు పిల్లల తండ్రి, నలభై మూడు లిఫ్టుల మరమ్మతుకు దిక్కు. అలాంటి మనిషి మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, ఒక ట్యుటోరియల్ కాలేజీ మూడో అంతస్తులో తలుపు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని వస్తున్నాడంటే, ఆయన భార్యకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అక్కడ కలిసేది చిన్ననాటి బొమ్మల సంఘం. పంతొమ్మిది మంది సభ్యులు, అందరూ తలలు నెరిసినవాళ్లే. పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చుంటారు. సంఘానికి ఉన్నది ఒకటే నియమం. ఎన్ని బొమ్మలు కొనుక్కున్నా అవి లెక్కలోకి రావు. చిన్నప్పుడు తను ఆడుకున్న బొమ్మ, అచ్చంగా అదే బొమ్మ, ఒక్కటైనా తెచ్చి చూపించాలి. చూపించినవాళ్లకి బెంచీ, చూపించలేనివాళ్లకి స్టూలు. స్టూలు మీదవాళ్లు మాట్లాడకూడదు. చప్పట్లు మాత్రం కొట్టొచ్చు.

లిఫ్టాయన బీరువా నిండా బొమ్మలే. కీ ఇస్తే గెంతే కప్పలు, రేకు రైళ్లు, పడుకోబెడితే కళ్లు మూసే పిల్లబొమ్మలు. వాటికి చోటు చాలక భార్య చీరలు మంచం కిందకి వెళ్లాయి. కానీ అవన్నీ ఎవరెవరివో. తనది అని ఆయన చెప్పుకునేది ఒక్కటే, చక్రాల మీద నడిచే పసుపుపచ్చ చెక్క బాతు. తాడు కట్టి లాగితే కుంటుకుంటూ, టకటకమంటూ వెనకాలే వచ్చేది. మెడ మీద పంటిగాట్లుండేవి. ఎనిమిదో ఏట ఇల్లు మారుతుంటే అది పోయింది. సామాన్లు సర్దింది అక్క కాబట్టి పారేసింది కూడా అక్కే అని ఆయన ఆ రోజే తేల్చేశాడు. అక్కకి యాభై ఆరు వచ్చినా ఆ మాట ఎత్తి దెప్పడం మానలేదు.

ఆ బాతు మొన్న దొరికింది. ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయి, అందులో భార్యాభర్తలు చిక్కుకుపోయారని ఫోనొస్తే పరిగెత్తాడు. సెల్లారులో పాత సామాను కుప్ప పక్కనుంచి వెళ్తుంటే చిరిగిన పరుపు కింద ఒక పసుపుపచ్చ ముక్కు కనపడింది. పట్టుకుని లాగాడు. నేల మీద పెట్టి తోశాడు. కుంటింది. మెడ తడిమాడు. పంటిగాట్లు తగిలాయి! పైన భార్యాభర్తలు కేకలు పెడుతూనే ఉన్నారు, ఆయన కింద బాతుని గుండెలకి హత్తుకుని ఇరవై నిమిషాలు ఏడుస్తూనే ఉన్నాడు.

ఆదివారం బాతుని తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. సంఘానికి అధ్యక్షుడు రిజిస్ట్రారు గారు. ఉద్యోగమున్నన్నాళ్లూ జనం ఇళ్లూ స్థలాలూ రిజిస్టరు చేసిన మనిషి, రిటైరయ్యాక చెయ్యి ఊరుకోక ఈ సంఘం పెట్టాడు. కళ్లజోడు సవరించుకుని బాతు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఇది మీదేనని ఏంటండీ రుజువు?"

"మెడ మీద పంటిగాట్లున్నాయండీ. నేను కొరికినవే. అదంటే నాకు ప్రాణం."

"ప్రాణమైతే కొరుకుతారా?"

"ముద్దొచ్చి కొరికానండీ."

సభ్యులంతా తలలూపారు. ముద్దొస్తే కొరకడం అక్కడ అందరూ చేసిన పనే. కానీ రిజిస్ట్రారు గారు ఊరికే ఒప్పుకునే రకం కాదు. సభ్యురాలైన పళ్ల డాక్టరమ్మని ముందుకి పిలిచాడు. ఆవిడ చెవి ఊడిన గుడ్డ కుందేలుతో బెంచీ సంపాదించుకున్న మనిషి. లిఫ్టాయన చేత మైనం ముద్ద కొరికించి, టార్చి వేసి నోరంతా చూసింది. సభ్యులు కూడా వరసలో నిలబడి ఒక్కొక్కరే చూసి వెళ్లారు. వెనక దవడ పన్ను పుచ్చిపోయిందని ముగ్గురు విడివిడిగా చెప్పారు.

"ఇవి మీ పళ్లు కావు," అంది డాక్టరమ్మ.

"అప్పుడు పాలపళ్లు కదండీ. అవి ఊడిపోయాయి."

"పాలపళ్లు ఇంత లోతుగా దిగవు. ఇవి గట్టి పళ్లు. పైగా కొరికిన మనిషికి ముందు పన్ను మీద ఇంకో పన్ను ఎక్కి ఉంది."

లిఫ్టాయనకి అక్క గుర్తొచ్చింది. పన్ను మీద పన్ను ఉన్న మనిషి వాళ్లింటి మొత్తానికీ ఒక్కతే.

"కొరికింది ఎవరైనా పర్వాలేదు," అన్నాడు రిజిస్ట్రారు గారు. "బాతు మీదేనని కొరికినవాళ్లు వచ్చి చెప్పాలి. వచ్చే ఆదివారం దాకా టైమిస్తున్నాం. చెప్పకపోతే ఆ స్టూలు కూడా తీసేస్తాం."

లిఫ్టాయన మెట్ల మీద నుంచే అక్కకి ఫోను చేశాడు. అక్కది టైలరింగు షాపు. ఫోనెత్తి "నోట్లో గుండుసూదులున్నాయి, తొందరగా చెప్పు" అంది.

"అక్కా, నా బాతు దొరికింది. ఆదివారం వచ్చి మైనం కొరికి, అది నాదేనని ఒక్క ముక్క చెప్పి వెళ్లక్కా."

అవతల కుట్టుమిషను ఆగిపోయింది. అక్క, "ఏ బాతు? పసుపుపచ్చదేనా?" అని అడిగి, వస్తానంది. ఆ వారమంతా లిఫ్టాయనకి నిద్ర పట్టలేదు. స్టూలు పోతే పోయింది. బాతు కూడా తనది కాదంటే, చిన్నతనంలో తనదని చెప్పుకోడానికి ఇంక ఏమీ మిగలదు. ఆయన భయమల్లా అదే.

ఆదివారం అక్క మెడలో టేపుతో, చంకలో జాకెట్ల సంచీతో నేరుగా షాపునుంచి వచ్చింది. తమ్ముడి వైపు చూడలేదు. బాతుని మాత్రం చూసింది. చూసి, చీర చెంగుతో దాని ముక్కు తుడిచింది. మైనం కొరకమంటే కసిక్కున కొరికింది. డాక్టరమ్మ మైనాన్ని బాతు మెడ పక్కన పెట్టి చూసి, అచ్చు గుద్దినట్టుందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది లిఫ్టాయనే.

"ఎందుకు కొరికారమ్మా?" అన్నాడు రిజిస్ట్రారు గారు.

"నాది కాబట్టి."

చప్పట్లు ఆగిపోయాయి.

"నాలుగో క్లాసులో చేతిరాతకి ఫస్టొచ్చానని నాన్న కొనిచ్చాడండీ. సాయంత్రం దాకా ఆడుకున్నాను. వీడు చూశాడు. నేల మీద పడి దొర్లాడు. ఊపిరి బిగబట్టి నీలుక్కుపోయాడు. 'చిన్నవాడు కదే, వాడికిచ్చెయ్యవే' అంది అమ్మ. ఇచ్చేశాను. ఇచ్చేముందు కొరికాను. అమ్మని కొరకలేను కదండీ."

"ఇల్లు మారేటప్పుడు పారేసింది మీరేనా?"

"పారెయ్యలేదండీ. పక్కింటి పాపకిచ్చాను. నీకు తమ్ముడున్నాడా అని అడిగాను. లేడంది. అప్పుడిచ్చాను."

నలభై నాలుగేళ్లుగా లిఫ్టాయన ముద్దుగా తలచుకున్న పంటిగాట్లు తన ముద్దువి కావు. అవి అక్క కోపానివి. ఐదేళ్ల వయసులో తను దొర్లిన ఆ నేల ఆయనకి గుర్తే లేదు. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా బాతు కావాలనిపించింది.

రిజిస్ట్రారు గారు బల్ల గుద్ది తీర్పు చెప్పాడు. బాతు అక్కది. బెంచీ కూడా అక్కదే. స్టూలు విషయం తర్వాత చూద్దామన్నాడు. అక్క బెంచీ వద్దంది. షాపు తెరిచి ఉంచి వచ్చిందట.

ఆవిడ బాతుని చేతుల్లోకి తీసుకోగానే లిఫ్టాయన అడక్కుండానే చెయ్యి చాచాడు. అక్కకి కొన్నదేదైనా చివరికి ఆయన చేతికి రావడం ఆ ఇంట్లో అలవాటు. పెన్సిళ్లూ అంతే, సైకిలూ అంతే. అక్క ఆ చేతి వంక చూసింది. బాతుని జాకెట్ల మధ్య పెట్టి, సంచీ జిప్పు లాగేసింది.

"అక్కా..." అన్నాడు. కింది పెదవి వణికింది.

"ఏరా, ఏడుస్తావా?"

"వచ్చేస్తోందక్కా."

"ఏడ్చుకో. ఇచ్చెయ్యవే అనడానికి ఇప్పుడు అమ్మ లేదుగా."

లిఫ్టాయన నిజంగానే ఏడ్చాడు. పంతొమ్మిది మంది చూస్తుండగా, స్టూలు మీద కూలబడి, బాతు కోసం కొంతా అమ్మ కోసం కొంతా భోరున ఏడ్చాడు. అక్క తొందరపెట్టలేదు. పక్కనే నిలబడి, ఒక చేత్తో తమ్ముడి తల నిమురుతూ, రెండో చేత్తో సంచీని గట్టిగా పట్టుకుని, ఏడుపు పూర్తయ్యేదాకా ఆగింది.

"అయిందా? పద, నన్ను బస్సెక్కించు."

ఆయన ముక్కు తుడుచుకుని లేచి, బరువుగా ఉంటుంది నేను మోస్తాను ఇలా ఇయ్యి, అని సంచీ అందుకోబోయాడు. అక్క సంచీని రెండో చంకలోకి మార్చుకుంది.