అందరూ నీళ్ళు పోసిన మొక్క

"మొక్క తల వేలాడేసింది, చూశావా? కాస్త నీళ్ళు పొయ్యకూడదూ?" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే.

మొక్క అతని మోచేతికి తగిలేంత దగ్గరలో ఉంది. ఆమె వంటింట్లో ఉంది. ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ, ఇంకో చేత్తో పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ, కాలేజీకి వేసుకెళ్ళాల్సిన చెప్పుల్లో రెండోది ఎక్కడ పడి ఉందా అని ఆలోచిస్తోంది. ఒళ్ళు మండింది. కానీ ఆ ఇంట్లో పొద్దుటిపూట ఆమెకి కోప్పడేంత తీరిక కూడా ఉండదు.

ఆ మొక్క ఆడపడుచు ఇచ్చింది. వీళ్ళు ఈ ఫ్లాటులోకి మారినప్పుడు, వెడల్పాటి ఆకులతో నిగనిగలాడుతున్న మొక్కని తెల్లటి పింగాణీ కుండీతో సహా తెచ్చి, "వదినా, దీన్ని నీ చేతిలో పెడుతున్నా, జాగ్రత్త" అంది. ఆ ఒక్క మాటతో మొక్క ఆమె నెత్తిన పడింది. వచ్చే నెల ఆడపడుచు మళ్ళీ వస్తోంది. వస్తూనే మొక్క ఎలా ఉందో చూస్తుంది. ఈలోపు అది చచ్చిపోతే తను ఏం వినాల్సి వస్తుందో ఆమెకి ఇప్పుడే తెలుసు. "మా పిల్ల ముచ్చటపడి ఇచ్చిందమ్మా, ఒక్క మొక్కని బతికించలేకపోయింది మా కోడలు" అని అత్తగారు ఫోన్లో చుట్టాలందరికీ చెబుతుంది. చివర్లో "ఉద్యోగం కదా మరి, తీరికేదీ" అని ఒక నిట్టూర్పు కూడా తగిలిస్తుంది. ఆ నిట్టూర్పు ఆమెకి మాటకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లో ఆ మొక్కకి జరిగినంత సేవ ఇంకెవరికీ జరగలేదు. భర్త పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు తెప్పించుకుని, సగం తాగి, మిగతా సగం కుండీలో ఒంపుతాడు. ఎప్పుడైనా ఆమె నోరు తెరిచి "నేనొక్కదాన్నే ఎంతకని చేసేది?" అంటే, "అదేంటి, మొక్కకి నీళ్ళు నేనేగా పోస్తున్నా" అంటాడు. ఇంటిపనిలో తన వాటా అక్కడితో తీరిపోయిందని అతని లెక్క. మధ్యాహ్నం ఆమె కాలేజీలో ఉండగా అత్తగారు చెంబుతో పోస్తుంది. "పాపం, పొద్దుట్నుంచీ ఎండిపోతోంది. దాన్ని పట్టించుకునే దిక్కేదీ?" అని పోస్తూ పోస్తూ గొణుక్కుంటుందట, ఆ సంగతి కూడా ఆవిడే చెబుతుంది, ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే. ఒకళ్ళు పోసినట్టు ఇంకొకళ్ళకి తెలీదు. ఇద్దరికీ తెలిసిందల్లా ఆమె పొయ్యలేదనే. ఆకు వాడినకొద్దీ ఇద్దరూ ఇంకాస్త ఎక్కువ పోశారు.

ఆ సాయంత్రం బ్యాగు కూడా దించకుండా ఆమె కుండీలో వేలు గుచ్చి చూసింది. వేలు సగందాకా దిగినా మట్టి చిత్తడిగానే ఉంది. కింది ఆకులు పసుపు పచ్చగా మారి, పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. నీళ్ళు చాలక వాడిన ఆకు ఎండి గలగలమంటుంది, ఇలా మెత్తబడదు. కుండీ ఎత్తబోతే రాలేదు, అంత బరువు. పింగాణీ కుండీకి అడుగున చిల్లు లేదు. మొక్క ఉన్న ప్లాస్టిక్ డబ్బా దాని లోపల, అన్నాళ్ళ నీళ్ళలో మునిగి ఉంది. డబ్బా పైకి లాగగానే మురుగు వాసన గుప్పుమంది.

"నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళిపోయాయి. ఇంకెవరూ ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు" అంది.

"నీళ్ళు పోస్తే మొక్క చస్తుందా? ఎక్కడా వినలేదమ్మా" అంది అత్తగారు.

"మా ఆఫీసులో ఒకాయన పెద్ద తోట పెంచుతాడు, ఆయన్ని అడుగుతానుండు" అన్నాడు భర్త. ఫోన్ చేసి కనుక్కుని, "ఎరువు వెయ్యమంటున్నాడు" అని తీర్పు వినిపించాడు. ఆ తోటాయన ఈ మొక్కని చూడనేలేదు.

ఆమె బోటనీ లెక్చరరు. వేళ్ళు కూడా ఊపిరి పీలుస్తాయనీ, మట్టిలో గాలి ఆడే సందు లేకుండా నీళ్ళు నిండితే అవి ఉక్కిరిబిక్కిరై కుళ్ళిపోతాయనీ, కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు కాబట్టి నీళ్ళలో నిలబడే మొక్క దాహంతో వాడిపోతుందనీ ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతుంది. కాలేజీలో ఆ చదువుకి దక్కిన మర్యాద ఏమిటంటే, ఏ అతిథి వచ్చినా ప్రిన్సిపాలు "బొకే సంగతి మీరు చూడండి మేడమ్, మీ సబ్జెక్టే కదా" అనడం. ఇంట్లో ఆపాటి మర్యాద కూడా లేదు. "పుస్తకాల్లో చదవడం వేరు, మొక్కలు పెంచడం వేరు" అన్నాడు భర్త నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఆమెకి చేతిలో ఉన్న మట్టి అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది, అందరికీ ఆకలేస్తోంది కాబట్టి.

సెలవు రోజు మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక హాల్లో పాత పేపర్లు పరుచుకుని కూర్చుంది. మొక్కని డబ్బాలోంచి ఊడదీసి వేళ్ళకున్న మట్టి మెల్లగా కడిగింది. ముప్పావు వంతు వేళ్ళు నల్లబడ్డాయి. చేత్తో పట్టి లాగితే పై తోలు జారిపోయి లోపల దారం లాంటిది మిగులుతోంది. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి వాటన్నిటినీ కత్తిరించేసింది. తెల్లగా, గట్టిగా ఉన్నవి ఓ గుప్పెడు మిగిలాయి. అన్ని ఆకుల్ని ఆ గుప్పెడు వేళ్ళు మొయ్యలేవు కనుక సగం ఆకులూ తీసేసింది. చిల్లులున్న చిన్న మట్టికుండీలో ముతక ఇసుక, పొడి ఎరువుమట్టి కలిపి నాటింది.

"అయ్యో అయ్యో, చంపేసింది! నిండుగా ఉన్న మొక్కని బోడిగుండు చేసేసింది!" అని అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఆమె పట్టించుకోలేదు. చాలా రోజుల తర్వాత తన చేతులు తనకి తెలిసిన పని చేశాయి. ఆ గంటసేపు ఆమె నిజంగా సంతోషంగా ఉంది.

మర్నాడు పొద్దున్న లేచి చూస్తే కుండీ కింద మడుగు.

"పాపం, ఆపరేషన్ అయ్యాక దాహమేస్తుందని నేనే కొంచెం పోశా" అన్నాడు భర్త, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నట్టుగా.

ఆమెకి ఏడుపొచ్చింది. మొక్క కోసమే అయితే అంత ఏడుపు వచ్చేది కాదు. చస్తే మాట పడేది తను. బతికించే పద్ధతి తెలిసింది తనకి. కానీ ఆ కుండీ మీద తన మాట చెల్లదు, దారిన పోయే ప్రతి చేతికీ దాని మీద హక్కు ఉంది. ఈ ఇంట్లో నా నెత్తినున్న ప్రతి పనీ ఇంతే కదా, ఇన్నేళ్ళూ దీన్ని మాటల్లో పెట్టుకోలేదంతే అనుకుంది. జవాబు చెప్పాల్సింది నేను, చెయ్యి పెట్టేది అందరూ.

ఆ రోజే మొక్కని దాచేసింది. ఎక్కడ దాచాలో ఎక్కువ ఆలోచించక్కర్లేకపోయింది. వంటింటి వెనక, బట్టలుతికే మిషన్ పక్కన కిటికీ ఉంది. తూర్పు వెలుతురు పడుతుంది, ఎండ నేరుగా తగలదు. మిషన్ మీద పెట్టింది. భర్త ఇల్లంతా వెతికాడు. మంచాల కింద కూడా చూశాడు. అత్తగారు ఎదురింటావిడకి ఇచ్చేసిందేమోనని ఆరా తీసింది. "బతికున్న చోటే ఉంది" అని మాత్రం ఆమె చెప్పింది. ఆమె ఉతికి మడతపెట్టిన వాళ్ళ చొక్కాలూ చీరలూ రోజూ అలమరల్లోకి చేరుతూనే ఉన్నాయి. అవి ఏ గదిలో ఉతుకుతారో వెళ్ళి చూసిన వాళ్ళు లేరు.

మట్టి పొడిబారాక కొద్దిగా తడపడం, మళ్ళీ పొడిబారేదాకా ఆగడం. ఆగడమే కష్టమైన పని. మిగిలిన ఆకులు కొన్నాళ్ళు వేలాడాయి, ఒకటి రాలింది కూడా. చంపేసిందన్న అత్తగారి మాటే నిజమైతే అని ఆమె లోలోపల భయపడింది. తర్వాత ఒక పొద్దున్న మిషన్‌లో బట్టలు వేస్తూ చూస్తే, ఆకులు కాడల మీద నిలబడి ఉన్నాయి. మధ్యలోంచి చుట్టచుట్టుకున్న లేత మొలక ఒకటి వచ్చింది. పట్టరాని సంతోషం కలిగింది ఆమెకి. పిలిచి చూపించడానికి మాత్రం ఎవరి పేరూ నోటికి రాలేదు.

ఆడపడుచు వచ్చిన రోజు ఆమె కుండీని తెచ్చి హాల్లో పెట్టింది.

"వదినా, చిన్నదైపోయిందేం? కానీ కొత్త ఆకు భలే ఉంది!"

"చచ్చిపోవాల్సిందే" అన్నాడు భర్త, కాలు మీద కాలేసుకుని. "ఎంత సేవ చేశాం అనుకున్నావ్! రోజూ పొద్దున్నే నేనే నీళ్ళు పోసేవాణ్ణి."

"మనమంతా కలిసి బతికించుకున్నాం" అంది అత్తగారు.

"అంతా కలిసి చంపబోయామని కూడా చెప్పండి అత్తయ్యా" అంది ఆమె.

అందరూ జోక్ అనుకుని నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ నవ్వులోనే ఆడపడుచు తను తెచ్చిన స్వీట్ల డబ్బా తెరిచింది. భర్త ఒకటి తీసి తల్లి చేతిలో పెట్టాడు. "ఒక్కటికి ఏం కాదులేమ్మా" అన్నాడు. ఒక్కటి రెండైంది, రెండు మూడయ్యాయి. అత్తగారికి షుగరు. పోయినసారి రిపోర్టు చూసి డాక్టరు "ఇంట్లో ఈవిణ్ణి చూసుకునేదెవరు?" అని అరిస్తే, తల్లీ కొడుకూ ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు చూశారు. ఆమె తలదించుకుని తిట్లు తింది.

"అన్నట్టు, రేపు అమ్మకి బ్లడ్ టెస్టు. నువ్వు సెలవు పెట్టి తీసుకెళ్తావుగా" అన్నాడు భర్త వేలికంటిన పాకం నాక్కుంటూ.

"లేదండీ. రేపు నాకు ప్రాక్టికల్స్ ఉన్నాయి. మీరు తీసుకెళ్ళండి."

"నేనా? డాక్టరు ఏవేవో అడుగుతాడు, నాకేం తెలుసు?"

"స్వీటు పెట్టింది మీరు. ఎన్ని పెట్టారో మీకే తెలుసు. ఇకనుంచి ఈ ఇంట్లో ఎవరు చేసినదానికి వాళ్ళే జవాబు చెప్పుకోవాలి. నా వంతు నేను చెప్పుకుంటాను."

గొంతు పెంచలేదు ఆమె. స్వీట్ల డబ్బా మూత పెట్టి ఆడపడుచు ఒళ్ళో ఉంచి, రేపటి ప్రాక్టికల్స్‌కి కావాల్సినవి సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.

"మరి డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తార్రా?" అంది అత్తగారు.

ఆ ప్రశ్నకి హాల్లో ఉన్నవాళ్ళు, మొదటిసారిగా, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.